తంగేడుకు పోసిన నీళ్లు

మన మేరీ నాయనా,

నువ్వు పోయి ఈరోజుకు రెండేళ్లు. సమాధుల తోటలో నీ తలదిక్కున నేను వేసిన తంగేడు మొదటిసారి పూసింది.

ఓర్వకల్లు గుట్టల్లో మేకలు కాసేటప్పుడు ఆ పసుపు పూలు కనబడితే ఆగిపోయేవాడివి. అందుకే ఆ విత్తనాలే తెచ్చాను. మొలక వచ్చింది మొదలు పొద్దునొక బిందె, సాయంత్రమొక బిందె పోశాను. ఆకులు పండి రాలుతుంటే ఎండకేమోనని ఇంకో బిందె పోశాను.

మీ అక్క మార్తమ్మ చూసి నా చేతిలో బిందె లాక్కుంది.

"గుట్ట మీద దానికి ఎవురు పోస్తాండారు మే? నీళ్లు పోసి పోసి నువ్వే సంపుతాండావు."

ఆరోజే మానేశాను. మానడం నాకెంత కష్టమో నీకు తెలుసు. నువ్వు కంచానికి చెయ్యి అడ్డం పెట్టి "సాలు మే, శానా అయింది" అంటున్నా, ఆ చెయ్యి పక్కకు నెట్టి ఇంకో సంగటి ముద్ద వేసేదాన్ని.

చెట్టు దానంతటదే తేరుకుంది. ఇప్పుడు కొమ్మకొమ్మకూ పూలే.

నీళ్లు మానేశాక కూడా అలవాటుగా వట్టి బిందె పట్టుకొచ్చేదాన్ని; ఈ పొద్దున దాన్ని ఇంట్లోనే పెట్టి వచ్చాను. పూలు చూస్తూ చాలాసేపు కూర్చున్నాను. చేతిలో ఏ పనీ లేకుండా నీ పక్కన కూర్చోవడం నాకిదే మొదటిసారి.