పలచన అని రాసిన పదకొండు రోజులు

బ్రిక్సమ్ రేవు,
నవంబరు 19

ప్రియమైన ఈనిడ్‌కు,

ఇక్కడ తుఫాను నిన్న సాయంత్రానికి తగ్గింది. బారోమీటర్ లేస్తోంది.

నువ్వు చదివింది నా వాతావరణం పుస్తకమే. ముప్పై ఏళ్లుగా రోజూ పొద్దున బారోమీటర్ అద్దం మీద వేలితో తట్టి, అంకె రాసుకోవడం నీకు తెలుసు. ఈ మార్చి నుంచి ఆ అంకె పక్కన నీ టీ గురించి ఒక్కో మాట రాస్తూ వచ్చాను. బాగుంది. పలచన. మళ్లీ పలచన. పొడి వెయ్యడం మరిచిపోతున్నావేమో, మీ అమ్మకూ మతిమరుపు అలాగే మొదలైంది కదా అని అనుమానం. నిన్ను అడగలేక రాసుకున్నాను. నువ్వు అది చూసి, పెట్టె సర్దుకుని మీ అక్క ఇంటికి వెళ్లిపోయావు. ఇప్పుడు వృద్ధాశ్రమంలో చేరడానికి కాగితాలు తెప్పించావని మీ అక్క బెరిల్ కబురు పెట్టింది.

నిన్న పొద్దున రేవులో ఆల్మా కొట్లో టీ తాగాను. పొడి దాచుకుంటున్నావా అని పడవలవాళ్లు ఆమెను ఆట పట్టిస్తున్నారు.

"గాలివాన రోజున కెటిల్ ఊరికే బుసలు కొడుతుందిరా, నీళ్లకు వేడి చాలదు. ఇంకో చెంచా పొడి వేస్తేగానీ సారం దిగదు," అంది. నావైపు తిరిగి, "ఏం విల్ఫ్రెడ్, రోజూ ఆ అద్దం తడతావుగా, అది నీకు చెప్పలేదా?"

ఇంటికొచ్చి పుస్తకం తీశాను. పలచన అని రాసిన పదకొండు రోజులూ బారోమీటర్ బాగా పడిపోయిన రోజులే. గాలి ఒత్తిడి తగ్గితే నీళ్లు చాలినంత వేడెక్కకముందే మరుగుతాయి. అంకె, మాట పక్కపక్కనే, నా చేతిరాతలోనే ఉన్నాయి. ఎనిమిది నెలలు నాకు కనపడలేదు. నీ మతికి ఏమీ కాలేదు.

ఆ కాగితాల మీద సంతకం పెట్టకు.

విల్ఫ్రెడ్


ప్రిన్స్‌టౌన్,
నవంబరు 22

విల్ఫ్,

నీ ఉత్తరం సమయానికే వచ్చింది. కాగితాలు పొయ్యిలో వేశాను.

ఈ కొండమీది ఊళ్లో ఎండ కాసినా గాలి ఒత్తిడి మన ఊళ్లో తుఫాను నాడు ఉన్నంతేనట, మా బావ చెప్పాడు. అక్క టీ ఏడాది పొడుగునా పలచనే. మొదటి రోజు తాగి, మతితో పాటు నా నాలుకకు రుచి కూడా పోయిందనుకున్నాను. బావ ముప్పై ఏళ్లుగా తాగుతున్నాడు. ఎక్కడా రాసుకోలేదు.

నువ్వు ఇంకా చూడనిది ఒకటుంది. నీ పుస్తకంలో అక్టోబరు తొమ్మిది తియ్యి. ఆ రోజూ గాలివానే. నాకు జ్వరం, టీ నువ్వే పెట్టావు. పక్కన "బాగుంది" అని రాసుకున్నావు. బాగాలేదు, విల్ఫ్. నేను తాగేసి కప్పు కడిగి పెట్టాను.

గురువారం నాలుగు గంటల బస్సుకు వస్తాను. ఇంకో తుఫాను ఉందంటున్నారు. టీ నువ్వే పెట్టు. ఎలా ఉందో నేను రాస్తాను.

ఈనిడ్