హనుమయ్యగారి మొదటి మాట

విజయవాడ, నర్సింగ్ హాస్టలు
18 జూలై 1974, గురువారం

పూజ్యులైన నాన్నగారికి,

మీ రూతు వందనాలు. నేను బాగున్నాను. మీ దగ్గు, అమ్మ మోకాళ్లు ఎలా ఉన్నాయో విడివిడిగా రాయండి. అందరం క్షేమమని ఒక్క ముక్కలో తేల్చెయ్యకండి.

ఈ ఉదయం వార్డులో అడుగుపెట్టగానే ఆశ్చర్యపోయాను. నిన్న మాట్లాడిన హనుమయ్యగారు ఇవాళ ఎంత పిలిచినా కళ్లు తెరవలేదు.

ఆయన సంగతి మీకు రాయలేదు కదూ. వన్ టౌన్‌లో మిర్చి గోడౌన్ కాటా దగ్గర తూకాలు కేకేసే మనిషి. ఆదివారం పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది, మాట పోయింది. లోపల మెదడు వాచిందన్నారు. మా డాక్టరు వెంకటకృష్ణారావుగారు ఆయనకి గ్లిజరిన్ మొదలుపెట్టారు. అవును, చలికాలంలో మనం పెదాలకి రాసుకునేదే! కంట్లో ఒత్తిడి తగ్గడానికి కంటి డాక్టర్లు దాన్ని తాగిస్తారట. "కంటికి పనికొచ్చింది, దాని వెనకున్న మెదడుకి పనికిరాదా, చూద్దాం" అన్నారు. నిమ్మరసంలో కలిపి ముక్కులోని గొట్టం గుండా పోస్తున్నాం.

ఆయన భార్య వెంకటరత్నమ్మగారు ఊరుకోలేదు. "మా ఆయనకి వాచింది తలకాయమ్మా, మూతి పగల్లేదు. పెదాల మందెందుకూ?" అని నన్ను నిలదీశారు.

డాక్టరుగారు మాకు ఒకటే గట్టిగా చెప్పారు: "దాహం వేస్తుంది. నీళ్లు మాత్రం కొలత ప్రకారమే. ఎక్కువైతే మందు లాగేసిన నీరంతా మళ్లీ తలకెక్కుతుంది."

నిన్న సాయంత్రం హనుమయ్యగారు మొదటి మాట అన్నారు. "నీళ్లు." కొత్త మాటలు రాసుకునే నా పుస్తకంలో టైముతో సహా రాసుకున్నాను, తర్వాత వెంకటరత్నమ్మగారికీ చెప్పాను. ఇంత బాగుండే మాటని ఇన్నాళ్లూ ఊరికే వాడేశానే అనిపించింది.

కానీ ఇవాళ డాక్టరుగారు ఆయన కంట్లో టార్చి వేసి చూసి నిట్టూర్చారు. "మన గ్లిజరిన్ పనిచెయ్యలేదమ్మా. రేపటి రౌండులో ఆపేద్దాం. ఇక మీదట ఎవరికీ వద్దు" అన్నారు. వెంకటరత్నమ్మగారు నా చెయ్యి పట్టుకుని, "నిన్న పలికిన మనిషి ఇవాళ పలకడేంటమ్మా? ఏం జరిగింది?" అని అడిగారు. నేను దుప్పటి సర్ది వచ్చేశాను.

వచ్చే శనివారం మాకు నర్సు టోపీలు పెడతారు. మీరూ అమ్మా చల్లపల్లి నుంచి తొలి బస్సుకే బయల్దేరండి.

మీ కుమార్తె
రూతు

తా.క. నాన్నగారూ, పైన రాసినదంతా నిజమే, కానీ ఒకటి దాటేశాను. నిన్న ఆయన నీళ్లన్నప్పుడు పక్కన ఎవరూ లేరు. కొలత అయిపోయిందని నాకు తెలుసు. మూడు రోజులు మూగబోయిన మనిషి నోరు తెరిచి అడిగితే, ఆ మాటకి బదులుగా ఒట్టి చేతులు చూపించలేకపోయాను. గొట్టంలో ఒక గ్లాసు పోశాను. మళ్లీ "నీళ్లు" అన్నారు. ఇంకో రెండు పోశాను. చార్టులో రాయలేదు.

తప్పు గ్లిజరిన్‌ది కాదేమో, నాదేమో. చెప్పకపోతే రేపు ఆయనకి మందు ఆపేస్తారు. చెబితే నాకు టోపీ బదులు నా పెట్టె చేతికిస్తారేమో. కాబట్టి ఇప్పుడే బయల్దేరకండి.

రేపు ఉదయం ఏడింటికి, రౌండు మొదలవకముందే, డాక్టరుగారి గది ముందు నిలబడతాను. ఎన్ని గ్లాసులో, ఎన్ని గంటలకో చెబుతాను. దారిలో ముందు ఈ ఉత్తరం డబ్బాలో వేసేస్తాను, ఇక వెనక్కి తగ్గడానికి వీల్లేకుండా.