తడిపేసిన జుట్టు

అమ్మాయికి, నాన్న దీవెనలు. నేను కులాసాగానే ఉన్నాను.

మందులకి జుట్టంతా రాలిపోయి మనవరాలు బడి మానేసిందని రాశావు కదా. ఆ కార్డు జేబులో పెట్టుకునే నిన్న ఆస్పత్రిలో క్షవరాల పనికి వెళ్లాను. మాస్కు పెట్టుకున్న ఒకావిడ వచ్చి కుర్చీలో కూర్చుని, "గుండు చెయ్యి తాతా" అంది. అలవాటు కొద్దీ చెంబెడు నీళ్లు నెత్తిన పోశాను.

"అయ్యయ్యో, ఈ జుట్టు జబ్బు పిల్లల విగ్గులకి తాతా! తడిది కట్ట కడితే కుళ్లిపోతుంది" అని మాస్కు తీసింది. చూద్దును కదా, రోజూ మీ అమ్మ టీవీ ముందు కూర్చుని తిట్టిపోసే సీరియల్ అత్తగారు! మా ఆస్పత్రిలో విగ్గులు కుట్టే గది ఆవిడ పెట్టించిందేనట. గుమ్మం మీద పేరైనా లేదు.

జుట్టు ఆరేదాకా గంటసేపు ఫ్యాను కింద కూర్చుంది. "మరి సీరియల్లో ఎలాగమ్మా?" అన్నాను. "కొంగు కప్పుకుంటాను. గయ్యాళితనానికి జుట్టెందుకు తాతా?" అంది. నీ కార్డు తీసి ఆవిడ చేతిలో పెట్టాను. చదివి, "పాప తల కొలత తెప్పించు" అంది.

దారంతో పిల్ల నుదుటి మీదుగా చెవుల పైనుంచి చుట్టూ కొలిచి, ముడి వేసి కవర్లో పంపు. నీ దగ్గు తగ్గిందా? పిల్లకి తోడుగా అక్కడికొచ్చిన మీ అమ్మకి ఈ సంగతి మెల్లిగా చెప్పు. జడ ఎంత పొడుగు కావాలో మీరెవరూ చెప్పొద్దు, పిల్లనే రాయమను. నా బదులు దాని తల నిమురు.

నాన్న