ఆరో చెంచా

వోస్, ఆగస్టు 1955

బోర్గిల్డ్‌కు,

నేను క్షేమం. ఎవరేం చెప్పినా నమ్మకు, నా కనుబొమ్మలు రెండూ ఉన్నాయి.

జర్మన్లు వదిలిపోయిన తూటాలు ఊరూరా ఏరి తెచ్చానా, వాటిలో కొన్నిటి మొన నల్లగా ఉంటే మసి అనుకుని, నువ్వు గిన్నెలు తోమే బూడిదతో తళతళా తోమాను. ఆ నలుపు గుర్తట! అవి నిప్పు చిమ్ముతూ పోయే తూటాలట. ఇక్కడి తుపాకీ పోటీలో నా ఆఖరి గుండు సరిగ్గా గురిచుక్క మధ్యలోంచి దూసుకుపోయి, వెనకాల రైతు ఆస్లాక్ ఆరబెట్టుకున్న గడ్డిని అంటించింది.

"యుద్ధమైపోయి పదేళ్లయింది కదరా సిగ్వర్టూ! ఇంకా ఎవరి మీదరా నీ కోపం?" అని బకెట్టుతో పరిగెడుతూ ఆస్లాక్ ఒకటే కేకలు. అందరం కలిసి ఆర్పేశాం.

నేలమాళిగలో బంగాళాదుంపల పక్కనున్న తూటా పెట్టెల్ని మీ తమ్ముణ్ణి ముట్టుకోనివ్వకు. ఆవు ఈనిందా?

మొదటి బహుమతి వెండి చెంచా నాకే వచ్చింది. మనింట్లో మనిషికొకటి చొప్పున ఉన్న ఐదింటికీ తోడు ఇది ఆరోది అయ్యేదే గానీ, కాలిన గడ్డికి బదులుగా ఆస్లాక్ జేబులో వేసుకున్నాడు.

పిల్లలకు ముద్దులు. మీ అమ్మగారికి నమస్కారాలు చెప్పి, ఆదివారం కాఫీకి వచ్చేటప్పుడు ఆవిడ చెంచా ఆవిడనే తెచ్చుకోమను.

సిగ్వర్ట్