కయాక్‌లో కూర్చున్న తీరు

అక్కయ్యకు,

నేనూ అమ్మాయీ క్షేమం. నా కాళ్ల తిమ్మిరి తగ్గింది.

నాతో కలిసి కయాక్‌లో, అదే ఆ సన్నటి తెడ్డు పడవలో, సరస్సు దాటాలని అమ్మాయి ఏడాదిగా అడుగుతోంది. నిన్న ఎక్కాం. నేను పడక్కుర్చీలోలా వాలి, కాళ్లు బారచాపాను.

"వెన్ను నిలబెట్టు నాన్నా. పాదాలు ఆన్చే పీట దగ్గరికి జరుపుకుని మోకాళ్లు కాస్త మడుచుకో" అంది.

"ఇన్నేళ్లు పత్రికాఫీసులో కూర్చున్నవాడికి కూర్చోవడం నేర్పుతున్నావా?" అన్నాను.

సగం దూరమైనా పోకముందే కాళ్లు మొద్దుబారాయి, నడుం పట్టేసింది. వెనక్కి తిరిగాం. ఒడ్డు దాకా అమ్మాయే తెడ్డు వేసింది. రేపే కొత్త ఉద్యోగానికి బయలుదేరుతోంది. మళ్లీ ఎప్పుడు వీలవుతుందో తెలియదు.

నీళ్ల మోటారు బాగైందా? బావ కంటి చుక్కలు ఆపవద్దు.

అమ్మాయి దారిలో మీ ఇంట్లో ఆగి ఈ ఉత్తరం ఇస్తుంది. సరస్సు దాటారా అని అడగకు. నా పరువు కోసం దాటామనే చెబుతుంది.

పిల్లలకు దీవెనలు.

తమ్ముడు