ముందు గదిలోని కుర్చీని ఏం చేయాలో

ఇది నా చేత్తో నేనే రాస్తున్నాను. వచ్చే వారం నాకు గుండె ఆపరేషన్. జబ్బు గుండెకే, బుద్ధికి కాదు. నన్నెవరూ బెదిరించలేదు, బతిమాలలేదు. కోపంలో రాసిందని మా ఆయన అనవచ్చు. కోపంలోనే రాస్తున్నాను. నా మతి నిలకడగా ఉందని డాక్టరుగారు రాసిచ్చిన కాగితం జతచేశాను. ఇంతకుముందు రాసినవేవీ చెల్లవు. దీన్ని అమలు చేసే బాధ్యత మా తమ్ముడిది. వడ్రంగి కాబట్టి వాడికే అప్పగిస్తున్నాను.

1. వంటగది సామానంతా మా తోడికోడలికి. ఏ డబ్బా మూత ఆ డబ్బాకే ఉంది, కలిపేయవద్దని మనవి. పెళ్లికి కట్టుకెళ్తానని పట్టుకెళ్లిన నా ఆకుపచ్చ చీర కూడా ఇక ఆమెదే.

2. మా ఆయనకు రేడియో, బతికున్నంత కాలం వెనక గదిలో ఉండే హక్కు. చొక్కా గుండీలు కుట్టుకోవడానికి నీలం డబ్బాలో దారాలున్నాయి. ఆయన చూపుకు ఆనేలా పెద్ద కన్నున్న సూదులే పెట్టాను.

3. ప్రార్థన జరిగే ముందు గదిలో మామగారి కుర్చీ ఉంది. అది నాది. నిలబడి ప్రసంగించే ఓపిక మామగారికి తగ్గాక, మా నాన్న చేసి నాకిస్తే, నేను ఆయన్ని అందులో కూర్చోబెట్టాను. ఆయన అందులో కునుకు తీసేవారు, గురక వీధిలోకి వినిపించేది. ఎవరైనా కాళ్ల మీద పడబోతే చేతికర్రతో తోసి, నేనూ మట్టినే లేవరా అనేవారు. ఆయన పోగానే కొడుకులు దానికి పట్టుగుడ్డ కప్పారు. అడిగితే గౌరవం అన్నారు.

దేవుణ్ని దేనితో పోలుస్తారు, ఆయనకు సాటి ఎవరు అని బైబిల్లో ప్రవక్త అడిగిన అధ్యాయం మీద మా ఆయన ఏటా ప్రసంగిస్తారు. ఒకే చెట్టులో సగం పొయ్యిలో పెట్టి, మిగతా సగాన్ని దేవుడిగా చెక్కి మొక్కినవాడి సంగతి చెప్పి అందరినీ నవ్విస్తారు. ఆ నవ్విన జనమే పోతూ పోతూ కుర్చీ చెయ్యి తాకి వెళ్తారు. ఆ కుర్చీ, నా వంటగది పీట ఒకే దుంగలోవి. మా నాన్న కోస్తుంటే అవతలి కొస పట్టుకున్నది నేనే. పీట మీద ఉల్లిపాయలు తరిగాను. దానికెవరూ మొర పెట్టుకోలేదు.

మరిది కూతురికి జ్వరం వచ్చి చెవుల్లో చీము పట్టినప్పుడు నేను పుట్టింట్లో ఉన్నాను. ఆస్పత్రి ఎందుకు, నాన్న కుర్చీలో కూర్చోబెడదాం అన్నారట అన్నదమ్ములు. ఆదివారం ఆరాధన మధ్యలో నేను ఇంట్లో అడుగుపెట్టాను. పిల్ల నన్ను చూసి, "పెద్దమ్మా, పాట ఆపేశారేంటి?" అంది. గదిలో అందరూ గొంతెత్తి పాడుతున్నారు.

నేను చంకనెత్తుకుని పరిగెత్తాను. చెవులకు ఆలస్యమైందన్నారు ఆస్పత్రిలో. ఆ తర్వాతైనా కుర్చీ తీశారా? పిల్లకు విశ్వాసం చాల్లేదన్నారు.

కాబట్టి మా తమ్ముడు ఆ కుర్చీని రంపంతో ముక్కలు చేయాలి. ఎవరికీ ఇవ్వకూడదు, ఇస్తే ఇంకో ఇంట్లో దేవుడై కూర్చుంటుంది.

4. ఇల్లు నా పేరున ఉంది. వెనక గది మీద మా ఆయనకిచ్చిన హక్కు పోను, ముందు గదితో సహా ఇల్లంతా ఆ పిల్లదే. అక్కడ ప్రార్థన జరుపుకోవాలంటే ఆమెను అడగాలి. ఎదురుగా నిలబడి, పెదవులు కనిపించేలా, నెమ్మదిగా అడగాలి. అంతకంటే ముందు, విశ్వాసం చాలనిది నీకు కాదమ్మా, మాకు అని అన్నదమ్ములిద్దరూ చెప్పాలి. చెప్పకపోతే వీధిలో నిలబడి పాడుకోండి.

5. నా ఫోటో ఆ గదిలో పెట్టకూడదు. నా బైబిలు అద్దాల బీరువాలో దాచకూడదు, చదివేవాళ్లు తీసుకోవాలి. మనిషి చేసుకున్న దేవుణ్ని మనిషే ఎత్తాలి, నిలబెట్టాలి, దుమ్ము దులపాలి. నన్ను చేసినవాడు తల్లి కడుపులో ఉన్నప్పటి నుంచి నన్ను మోస్తున్నాడు, తల నెరిసినా మోస్తానన్నాడు. ఆపరేషన్ బల్ల మీదికీ ఆయనే మోసుకెళ్తాడు. తిరిగి రాకపోతే మీరు నన్ను మోయాల్సింది సమాధి దాకానే. అక్కడ దించేసి, చేతులు కడుక్కుని, తిన్నగా ఆ పిల్ల దగ్గరికి వెళ్లండి.

తేదీ: 2026 మార్చి 9, సోమవారం

సంతకం: ఈ ఇంటి పెద్ద కోడలు

సాక్షులు: వీధి చివరి మందుల షాపాయన, పక్కింటి టైలరమ్మ. ఇద్దరూ నా కళ్లెదుటే సంతకం చేశారు. ఇద్దరికీ ఇందులో నేనేమీ రాయలేదు.