ఎరువు కుప్ప మీద నడక

12-5-1978, శుక్రవారం

పట్నం చెత్తతో నేను, నా కింద పనిచేసే మున్సిపాలిటీ సఫాయివాళ్లు గుంటల్లో చేసిన ఎరువు ఇవాళ మొదటిసారి పొలానికి పోయింది. రైతులెవరూ తీసుకోకపోతే గుంటలు పూడ్పించి, చెత్తను మళ్లీ మా బస్తీ పక్కనే పోయిస్తామని ఇన్‌స్పెక్టర్ సార్ అన్నారు.

పొద్దున మడికొండ నుంచి ఒక పటేల్ బండి కట్టుకుని వచ్చాడు. ఎరువు పిడికిట పట్టి వాసన చూశాడు.

"వాసనైతే లేదు గని మేస్త్రీ, పట్నం చెత్తల సీసపెంకలుంటయ్. నాట్లేసే ఆడోళ్ల కాళ్లు తెగితే నువ్వొచ్చి కుట్లేస్తవా?"

నేను చెప్పులు విప్పి కుప్ప మీద ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాను. ఆ ఎరువంతా జల్లించిన లక్ష్మమ్మ నవ్వింది.

"మా మేస్త్రి మాట్లాడడు పటేలా, నడుస్తడు గంతే."

పటేల్ కూడా చెప్పులు విప్పి తొక్కి చూసి, బండి నింపించాడు. తర్వాత రెండో గుంట చూపించాడు.

"గది గూడ నాకే ఇయ్యి. రేపే నాలుగు బండ్లు తెస్త."

సరే అనబోయి ఆగాను. అందులో దవాఖాన చెత్త కలిసింది.

"అది ఇంకా జల్లించలే పటేలా. సూదులుంటయ్."

నింపిన బండి కూడా దింపేస్తాడేమో అనుకున్నాను.

"చెప్పినవ్ గనుక పది రోజులు ఆగుత" అన్నాడు.

సూదులున్న గుంటలో లక్ష్మమ్మ వట్టి చేతులు ఎలా పెడుతుంది? తోలు తొడుగులు కావాలి. ఇన్‌స్పెక్టర్ సార్‌ను నేను ఇంతవరకు ఏదీ అడగలేదు. రేపు అడుగుతాను.